తూర్పు బావి సాక్ష్యం

రాయి గట్టిదనేది దానిని చేత్తో మాత్రమే ముట్టుకున్నవారి మాట. భూతద్దం కింద చూసినవారికి ఇసుకరాయి ఇరుకిరుకు వీధులున్న ఊరిలా కనిపిస్తుంది. రేణువులు ఇళ్ళు, వాటి నడుమ సందులు, ఆ సందుల నిండా ఎవరి దాహమూ తీర్చని పాత ఉప్పునీరు. సిమెంటు ఫ్యాక్టరీ పొగలోంచి కార్బన్ డయాక్సైడును వేరుచేసి, బాగా నొక్కి, ఎంతో లోతున ఉన్న ఇసుకరాతిలోకి పంపిస్తే అది ఉప్పునీటిని పక్కకు నెట్టి ఆ సందుల్లో తాను కూర్చుంటుంది. పైన బంకరాతి పొర మూతలా ఉంటుంది గనుక మళ్ళీ పైకి రాదు. రాదన్నది ఆశ. ఆ ఆశను లెక్కగా మార్చడం వదిన ఉద్యోగం.

ఆ పంపింగు మీద నిఘా పెట్టే ఆఫీసులో అందరూ ఆమెను వదినగారనే పిలిచేవారు. భర్త చెల్లెలు కూడా అక్కడే పనిచేసేది. ఆ పిల్ల ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే మెట్ల కింది నుంచి, "వదినా, నీ అన్నం డబ్బా బండిలోనే ఉంది" అని నలుగురూ వినేలా కేక పెట్టింది. ఆనాటితో ఆమె అసలు పేరు గుర్తింపు కార్డుకే పరిమితమైపోయింది. మర్యాద తప్పడం ఎరుగని పెద్దసారు కొన్నాళ్ళు పేరుతోనే పిలిచారు. ఎవరిని పిలుస్తున్నారో ఎవరికీ అర్థం కాకపోవడంతో, చివరికి ఆమెకే అర్థం కాకపోవడంతో, ఆయన కూడా దారికి వచ్చారు.

వదిన రెండో అంతస్తులో కిటికీ పక్కన కూర్చునేది. నేల అడుగునున్న రాతిని కంప్యూటరులో చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో ఖాళీ ఎంత, అందులో నీరు ఎంత సులువుగా కదులుతుంది అన్నది అప్పగించి, గ్యాసు ఏ ఏటికి ఎంత దూరం పాకుతుందో లెక్క కట్టించేది. ఆ లెక్కకే ఆఫీసులో మోడల్ అని పేరు. మరదలు ఆఫీసులో నిలిచేది కాదు. హెల్మెట్టు పెట్టుకుని, బురద బూట్లు వేసుకుని, బండి మీద బావి నుంచి బావికి తిరిగేది. బావుల అడుగున దించిన గేజీలు అక్కడి ఒత్తిడి ఎంతో చెబుతాయి. అవి చెప్పింది తెచ్చి వదినకు అప్పగించేది. ఒకరిది జరగబోయేదాని గురించిన పని, మరొకరిది జరిగినదాని గురించిన పని. ఇద్దరిదీ ఒకే ఇల్లు కావడంతో ఆ ఇంట్లో మాటలకు ఏనాడూ కరువు రాలేదు.

ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. కొత్త గేజీ బావిలో దిగిన మొదటి నెలల్లో తిన్నగా పలకదు. తవ్వినప్పటి బురద సర్దుకోవాలి, అడుగు వేడికి అది అలవాటు పడాలి. అందువల్ల మోడల్ చెప్పే ఒత్తిడిని బావులు చెప్పే ఒత్తిడితో సరిపోల్చేటప్పుడు, ఏ గేజీ మాటకు ఎంత విలువ అని తూకం వేస్తారు గదా, కొత్త గేజీకి ఆ తూకం సున్నా. అలాంటి గేజీకి ఎవరో 'కొత్త కోడలు' అని పేరు పెట్టారు. అది మాట్లాడవచ్చు, ఎవరూ వినరు. తూకం సున్నా చేయాలని నియమం చెప్పింది. తిరిగి ఎప్పుడు ఇవ్వాలో, ఎవరు ఇవ్వాలో చెప్పలేదు. తక్కిన గేజీల సంగతి ఎవరికో ఒకరికి గుర్తుకొచ్చింది. తూర్పు బావి సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు. మోడల్ మారినప్పుడల్లా పాత తూకాలు కొత్తదానికి వారసత్వంగా వచ్చాయి. ఇందులో దాపరికం ఏమీ లేదు. అందరికీ తెలుసు. తెలిసిన విషయం హాస్యంగా మారితే దానిని సరిదిద్దే పని ఎవరిదీ కాకుండా పోతుంది.

సమీక్ష దగ్గర పడిన రోజుల్లో ఒక మధ్యాహ్నం మరదలు బూట్లు కూడా విప్పకుండా వదిన బల్ల దగ్గరికి వచ్చింది.

"వదినా, తూర్పు బావిలో ఒత్తిడి మళ్ళీ పెరిగింది."

"పెరగనీ."

"పెరగనీ అంటే?"

"నాకిప్పుడు ఊపిరాడటం లేదే. సోమవారం సమీక్ష. మోడల్ అన్ని బావులతోనూ సరిపోయింది. ఇలా చూడు, అద్దంలో ముఖం చూసుకున్నట్టుంది."

మరదలు తెర మీదికి వంగి చూసింది. "ఇందులో తూర్పు బావి ఏదీ?"

"అది కొత్త కోడలు కదా."

"కొత్త కోడలా? నేను ఉద్యోగంలో చేరకముందు దిగింది. దానికి ఈపాటికి మనవలు కూడా పుట్టి ఉంటారు."

"పుట్టనీ. మనవలొచ్చినా అత్తగారి మాట వినడం లేదుగా."

"అత్తగారంటే నీ మోడలే కాబోలు. అత్త చచ్చిన ఆర్నెల్లకి కోడలు ఏడ్చిందని సామెత. ఇక్కడ కోడలు ఏళ్ళ తరబడి ఏడుస్తుంటే అత్తకి చెవులే లేవు."

పక్క బల్లల వాళ్ళు నవ్వారు. వదినా నవ్వింది. మరదలు నవ్వలేదు.

ఆమె నవ్వకపోవడానికి కారణం, సోమవారం నాటి సమీక్షలో ఒక గీత ఖాయం కాబోతుండడం. గ్యాసు ఎంతవరకు పాకుతుందని మోడల్ చెబుతుందో దాని చుట్టూ గీసే గీత అది. గీత లోపలివారికి ఏటా నీటి పరీక్ష ఉంటుంది, విచారణలో కుర్చీ ఉంటుంది, తేడా వస్తే గ్యాసు పంపు ఆపమని అడిగే హక్కు ఉంటుంది. గీత బయటివారికి ఏదీ ఉండదు. తూర్పు బావి గీతకు బయట, అద్దకం పనివారి వీధి చివర ఉంది. సమీక్ష ముగిసిన మరునాడే దానిలో సిమెంటు పోసి మూసివేయాలని పెద్దసారు ఆదేశం ఇచ్చారు. మూసిన బావిని తిరిగి తెరవరు. ఆ దిక్కున ఒత్తిడి ఏమవుతోందో తర్వాత చెప్పగలిగేవారు ఉండరు.

"నా గేజీ పాడైందని నువ్వు రుజువు చెయ్యి, సిమెంటు లారీ ముందు నేనే కూర్చుని దారి చూపిస్తాను," అంది మరదలు. "ఆ పని చేసేలోగా రేపు పొద్దున నాతో రా. ఆ బావిని ఎప్పుడైనా కళ్ళారా చూశావా?"

"మ్యాపులో చూశాను."

"ఫొటో చూసి పెళ్ళి తప్పించినట్టుంది నీ వరస."

మరునాడు ఇద్దరూ ఒకే బండి మీద బయలుదేరారు. అద్దకం వీధికి ఒక వైపంతా తీగలు కట్టి ఉన్నాయి. తడి బట్టలు ఆరుతూ, కింద నేల మీద వరసలు వరసలుగా చుక్కలు రాలుస్తున్నాయి. కాలువలో పొద్దున ఏ రంగు వేశారో చెప్పే నీళ్ళు పారుతున్నాయి. గుమ్మాల్లో కూర్చున్నవారి చేతులు మోచేతుల దాకా ఒక్కొక్కరివి ఒక్కో రంగు. వీధిలో అందరికీ పెద్దక్క అయిన ఆవిడ ఇద్దరికీ స్టూళ్ళు వేయించి, తాను తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది.

"ఈవిడేనా మీ వదిన?"

"ఈవిడే పెద్దక్కా. నోరు మంచిది, మోడల్ మంచిది కాదు."

"గీత గీసేది ఈవిడేనన్నావు."

వదిన సర్దుకుని కూర్చుంది. "అవునండీ. నేనే."

"మా వీధి మొదట్లో లైటు స్తంభం ఉంది చూశావా అమ్మా, సరిగ్గా అక్కడికొచ్చి ఆగిపోయిందట. మీరు బయట, మీకు దీంతో సంబంధం లేదని మీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి చెప్పి వెళ్ళాడు."

"గ్యాసు ఆ స్తంభం దాకా కూడా రాదండీ. వస్తుందనుకున్న దానికన్నా చాలా ఎడం విడిచే గీశాం."

"రాకపోతే అంతకన్నా ఏం కావాలి. నిన్ను తప్పు పట్టడం లేదు. ఈ వీధి బతికేది నీళ్ళ మీద. నీళ్ళలో ఉప్పు తగిలితే రంగు పట్టదు, పట్టినా నాలుగు ఉతుకులకు వెలిసిపోతుంది. ఇప్పుడు నీళ్ళు బంగారంలా ఉన్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎప్పుడైనా తేడా వస్తే ఎవరి తలుపు కొట్టాలయ్యా అని అడిగాను. మీకు తలుపు లేదన్నాడు. ఆ మాట ఒక్కటే గొంతులో ముల్లులా ఉండిపోయింది."

మాట మార్చడానికన్నట్టు వదిన, ఈ వీధిలో లోతైన పాత బోర్లు ఏమైనా ఉన్నాయా అని అడిగింది.

"ఒకటుంది. మా మామగారి రోజుల్లో నూనె పడుతుందని ఎవరో వచ్చి పాతాళం దాకా దింపారు. ఉప్పునీళ్ళు పడ్డాయి. ఒక ఇనప రేకు మూత పెట్టి పోయారు. దాని మీదే మా రంగులు కాచే పొయ్యి."

వదిన లేచి వెళ్ళి ఆ పొయ్యి కింద రేకు అంచు వెతికింది. గ్యాసు ఈ చోటికి రాదన్న మాట నిజమే. అయితే గ్యాసు నెట్టిన ఉప్పునీటి ఒత్తిడి గ్యాసు కంటే ఎంతో ముందు నడుస్తుంది. ఆ ఒత్తిడి తూర్పున పేరుకుంటే, బంకరాతిని చీల్చుకుని దిగిన ఒక పాత గొట్టం ఆ ఉప్పునీటికి నిచ్చెన అవుతుంది. పేరుకోదని ఆమె మోడల్ చెబుతోంది. పేరుకుంటోందని మరదలి గేజీ చెబుతోంది. తర్వాత తూర్పు బావి దగ్గర మరదలు తీసి చూపించిన అంకెలు కోతిలా గెంతడం లేదు, మెట్లెక్కే ముసలాయనలా ఒక్కో అడుగే ఎక్కుతున్నాయి. పాడైన గేజీ సాధారణంగా అలా ఎక్కదు. ఎక్కనే ఎక్కదని మాత్రం చెప్పలేం.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇద్దరూ మౌనంగా ఉండడం చూసి, బస్సు నడిపి అప్పుడే ఇంటికి వచ్చిన భర్తకు అనుమానం వచ్చింది.

"ఏమిటీ, ఉప్పూ నిప్పూలా ఉండేవాళ్ళు ఇవాళ పప్పూ అన్నంలా ఉన్నారు. నేనెటు వైపు కూర్చోవాలో ముందే చెప్పండి."

"తూర్పున కూర్చో అన్నయ్యా."

"మీ వదినది పడమరా?"

"నాకు దిక్కు తెలియకే కూర్చున్నాను," అంది వదిన. "మీ బస్సులో ముందు తలుపు దగ్గర జనం ఎక్కుతుంటే వెనక సీటు పక్కన నిలబడ్డవాళ్ళు నలుగుతారు కదా."

"నలగడమా? నన్ను తిడతారు."

"ఎక్కినవాళ్ళు వెనకదాకా రారు. వాళ్ళ ముఖం కూడా వెనకవాళ్ళు చూడరు. నలగడం మాత్రం తప్పదు. ఇదీ అంతే. గ్యాసు ముందే ఆగిపోతుంది, తోపుడు వెనక్కి పోతుంది. వెనక తలుపు తీసి ఉంటే దిగేవాళ్ళు దిగిపోతారు, ఎవరూ నలగరు. అందుకే మేము తూర్పు అంచు..."

ఆమె అక్కడితో ఆగిపోయింది.

"ఏమైంది? టికెట్ పారేసుకున్నదానిలా చూస్తున్నావు."

"తూర్పు అంచు తెరిచి ఉందనుకున్నాం," అంది వదిన నెమ్మదిగా. "రాయి అటువైపు అంతులేకుండా సాగుతుందనుకుని, అంచు గళ్ళకు లేని ఖాళీ అంతా ఇచ్చేశాం. చూసినవాళ్ళు ఎవరూ లేరు. చూడగలిగింది ఆ ఒక్క బావి. దాని తూకం సున్నా."

మరదలు ముద్ద చేతిలోనే పట్టుకుని, "నీ నోటితోనే అన్నావు, నాకు సంబంధం లేదు," అంది.

సాక్షిని గది బయట కూర్చోబెట్టి, సాక్షులందరూ ఒకే మాట చెప్పారని తీర్పు రాస్తే దానిని అన్యాయమనడానికి న్యాయశాస్త్రం చదవనక్కర లేదు. అదే పని అంకెలతో జరిగినప్పుడు దానికి 'చక్కని సరిపోలిక' అని పేరు వచ్చింది. వదిన మర్నాడు ఉదయం ఆఫీసుకు అందరికన్నా ముందు వచ్చి తూర్పు గేజీకి తక్కినవాటితో సమానమైన తూకం ఇచ్చింది. మోడల్ నడిపింది. అద్దంలో ముఖంలా ఉన్న సరిపోలిక అంతా చెదిరిపోయింది. చెదిరిపోతుందని ఆమెకు తెలుసు. తర్వాత తూర్పు అంచును కొంత మేర మూసి, అక్కడ రాయి ఎక్కడో విరిగి బంకమన్ను అడ్డుపడిందనుకుని, మళ్ళీ నడిపింది. ఎంత మూయాలో తెలియక ఆ రోజంతా మూస్తూ తెరుస్తూ గడిపింది. సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యే వేళకు మోడల్ తూర్పు బావితోనూ కుదిరింది. దానితో పాటు, ఉత్తరపు బావిలో ఎన్నాళ్ళుగానో అందరూ చూసీ చూడనట్టు వదిలేస్తున్న చిన్న తేడా కూడా మాయమైంది. దానిని సరిచేయాలని ఆమె ప్రయత్నించలేదు. అదే ఆమెకు ధైర్యం ఇచ్చింది.

పెద్దసారు గదిలో ఆమె నిలబడే మాట్లాడింది. ఆయన పాత మోడల్, కొత్త మోడల్ పటాలు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుతూ చూశారు.

"ఆ నియమం రాసింది నేను," అన్నారు.

"తెలుసు సార్."

"సున్నా చేయమన్నాను. అలాగే వదిలేయమనలేదు."

"మళ్ళీ ఇవ్వమని కూడా అనలేదు సార్."

ఆయన తలెత్తి చూశారు. కోపం వచ్చినట్టే కనిపించింది గాని, అది ఎవరి మీద రావాలో తేలక ముఖంలోనే ఉండిపోయింది.

"వదినగారూ, మీరు చెప్పింది నిజమైతే గీత జరగాలి, ఆ బావి ఉండాలి, ఫ్యాక్టరీ తూర్పు వైపు పంపింగు తగ్గించుకోవాలి. ఇంత మాట చెప్పాలంటే ముందు ఒకటి ఆలోచించండి. ఆ బావి చూసేది ఎవరు?"

"మా మరదలు."

"మోడల్ చేసేది?"

"నేను."

"ఇంటి మాట ఆఫీసుకు తెచ్చారని అంటారు. నేను అనను. ఫ్యాక్టరీ వాళ్ళు అంటారు. అన్నప్పుడు నా దగ్గర జవాబు ఉండాలి."

న్యాయం అడగడానికి వచ్చినవారి చుట్టరికాన్ని ఎంచడం లోకానికి అలవాటే. వదిన దానికి నొచ్చుకోలేదు. నొచ్చుకుంటే పని జరగదని ఆమెకు తెలుసు.

"అందుకే నా మాటా వద్దు, మా మరదలి మాటా వద్దు సార్. ఫ్యాక్టరీలో కొలిమి రిపేరుకని ఈ వారాంతం నుంచి పంపు ఆపుతున్నారు. గేజీలు దిగాక పంపు పూర్తిగా ఆగడం ఇదే మొదటిసారి. పంపు ఆగితే తూర్పు బావిలో ఏం జరుగుతుందో ఇప్పుడే గీసి వరండా బోర్డు మీద పెడతాను. గేజీ పాడైతే, పంపు ఆగినా అది ఎక్కుతూనే ఉంటుంది. గేజీ మంచిదై, పాత మోడల్ నిజమైతే, తూర్పు అంచు తెరిచి ఉంది గనుక ఒత్తిడి గబగబా దిగిపోవాలి. నా కొత్తది నిజమైతే కుంటుకుంటూ దిగుతుంది. అంకెలు మీరే వెళ్ళి చూడండి. మా ఇంటి మనిషి ఎవరూ ఆ బావి దగ్గరికి రారు."

"నేనా?"

"మీరైతే ఎవరూ ఏమీ అనలేరు."

"ఆ బురదలోనా?"

"బూట్లు మా మరదలు ఇస్తుంది సార్."

ఆయన కిటికీలోంచి బయటికి చూసి, సమీక్షను వాయిదా వేయమని చెప్పారు. సిమెంటు లారీని కూడా ఆపించారు. ఆ గదిలోంచి వచ్చాక వదిన మెట్ల మీద కూర్చుని ఒక పూర్తి గ్లాసు నీళ్ళు తాగింది.

ఆ తర్వాతి రోజులు మరదలికి నరకమని చెప్పాలి. తన బావి దగ్గరికి తాను వెళ్ళకూడదు. వరండాలో బోర్డు ముందు అటూ ఇటూ తిరుగుతూ దారిన పోయేవారినందరినీ ఆపి, "సారు గేజీని తలకిందులుగా చదవరు కదా?" అని అడిగేది. ఇంట్లో అన్న, "పురిటి గది బయట మొగుడిలా తిరుగుతున్నావేమే," అంటే కోపం తెచ్చుకునేది. వదిన మాత్రం పాత పనులు చూసుకుంది. ఆమె గీసిన మూడు గీతలూ అందరి కళ్ళ ముందూ ఉన్నాయి. తప్పితే అందరి ముందూ తప్పుతుంది. బోర్డు మీద పెట్టమని ఎవరూ ఆమెను బలవంతం చేయలేదు.

పెద్దసారు మొదటి రోజు ప్యాంటు మడిచి, ముక్కు చిట్లించి వెళ్ళారు. అద్దకం వీధి పెద్దక్క ఆయనకూ స్టూలు వేసింది. ఆయన కూర్చోలేదు. రెండో సారి కూర్చున్నారు. మరోసారి వెళ్ళి వచ్చినప్పుడు తెల్ల చొక్కా అంచుకు నీలం అంటుకుని ఉంది. చూసినవారెవరూ చూసినట్టు కనబడలేదు. ప్రతిసారీ తిరిగి వచ్చాక తన చేత్తోనే బోర్డు మీద ఒక చుక్క పెట్టి గదిలోకి వెళ్ళిపోయేవారు.

పంపు ఆగిన మొదట్లో చుక్కలు పైకీ పోలేదు, కిందికీ రాలేదు. "ఆలోచిస్తోంది," అంది మరదలు. తర్వాత దిగడం మొదలైంది. గబగబా కాదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి మెట్లు దిగినట్టు, ఆగి ఆగి దిగింది. ఒక్కో చుక్కా కొత్త గీతను పట్టుకునే నడిచింది. పాత మోడల్ గీత కింద ఎక్కడో ఒంటరిగా పడి ఉంది.

చివరి చుక్క పెట్టిన రోజు పెద్దసారు మరదలిని పిలిపించారు.

"గేజీ బాగానే ఉందమ్మా."

"నాకు తెలుసు సార్."

"నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది." తన కాళ్ళ వైపు చూసుకుని, "ఆ బూట్లు రేపు కడిగించి ఇస్తాను," అన్నారు.

"కడగనక్కర్లేదు సార్, మళ్ళీ బురదలోకే."

ఆ పూటే ఆయన పాత నియమం కింద మరో వాక్యం రాశారు. ఏ గేజీ అయినా కొత్తగా ఉండే గడువు ఎప్పటితో తీరుతుందో, తీరిన రోజున దాని తూకాన్ని ఎవరు తిరిగి ఇవ్వాలో అందులో ఉంది. బాధ్యుడిగా తన పేరే రాసుకున్నారు.

సమీక్షకు గదిలో కుర్చీలు చాలక వరండా నుంచి తెచ్చి వేశారు. ఫ్యాక్టరీ ప్రతినిధి మర్యాదస్తుడే. తన పని తాను చేశాడు.

"గ్యాసు ఆ వీధికి రాదని కొత్త లెక్క కూడా చెబుతోంది కదా. మరి గీత ఎందుకు జరపాలి?"

"గ్యాసు రాదండీ. మీరు పంపిన గ్యాసు తోపుడు వస్తుంది," అంది వదిన. "ఇంతకాలం మనం గ్యాసు చుట్టూ గీశాం. గీయవలసింది ఒత్తిడి చుట్టూ."

"ఈ లెక్కకు మీ మరదలి గేజీయే ఆధారం అంటున్నారు."

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. "ఆ అంకెలు నావి. అనుమానం ఉంటే నన్ను అడగండి."

ఆయన చెప్పాక ఆ విషయంలో అడగడానికి ఇంకేమీ మిగలలేదు. గీత లైటు స్తంభం దాటి, అద్దకం వీధి మొత్తాన్నీ, అవతలి పొలాల్లో కొంత భాగాన్నీ లోపలికి తీసుకుంది. పంపింగులో పెద్ద వాటాను పడమటి వైపు గ్యాసు దింపే బావికి మార్చడానికి ఫ్యాక్టరీ ఒప్పుకుంది. పొయ్యి కింది పాత బోరును అడుగుదాకా సిమెంటుతో మూసి, పొయ్యిని గోడవార కట్టివ్వాలని తీర్మానం అయింది. తూర్పు బావి తెరిచే ఉంటుంది. ఒత్తిడి గనుక గుర్తు పెట్టిన మట్టం దాటితే పంపు ఆపాలి. ఆపమని అడిగే హక్కున్నవారిలో ఆ వీధి కూడా చేరింది.

అన్నీ చదివాక పెద్దసారు పెద్దక్క వైపు తిరిగారు. ఆమె ముందు వరసలో, రంగు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"మీకేమైనా అభ్యంతరం ఉందా అమ్మా?"

"ఉంది."

ఫ్యాక్టరీ ప్రతినిధి కలం తీశాడు.

"నీళ్ళ పరీక్షకు మంగళవారం వస్తామని రాశారు. మంగళవారం మేము నీలం వేస్తాం. మా నీళ్ళ బావి దగ్గర ఊపిరి తీసుకోవడానికి కూడా తీరుబడి ఉండదు."

"మరి ఎప్పుడు రమ్మంటారు?"

"బుధవారం రండి."

"బుధవారం ల్యాబు వాళ్ళకు కుదరదట," అంది మరదలు కాగితం చూసి.

"ఎందుకు కుదరదు? వాళ్ళేమైనా నీలం వేస్తారా?"

"గురువారం అయితే?"

"గురువారం ఎర్ర రంగు. పొద్దున అయితే పరవాలేదు, మధ్యాహ్నం అయితే వద్దు." ఆమె కుర్చీని బల్లకు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "తొందరేమీ లేదు, కూర్చుని తేల్చుకుందాం."

పెద్దసారు మంగళవారాన్ని కొట్టివేసి, కలం పట్టుకుని ఎదురుచూశారు.